ముదురు ఎరుపు ఎర్రగడ్డలోనే క్వెర్సెటిన్ ఎక్కువా? పొడికి ఏ రకం కొనాల?

#1 కోడుమూరు_పొడి
ఎర్రగడ్డ (ఉల్లిగడ్డ) పొడి యూనిట్‌కు ఏ రకం కొనాలో తేల్చుకోవాల. కొనేవాళ్లు ఇన్నాళ్లూ ఘాటు, రంగు చూసేవాళ్లు, ఇప్పుడు క్వెర్సెటిన్ (ఫ్లేవనాయిడ్లనే మొక్కల పదార్థాల్లో ఒకటి, ఒంటికి మంచిదంటారు) ఎంతుందని కూడా అడుగుతాండారు. చదివేకొద్దీ గందరగోళం పెరుగుతాంది. ఒకే మాదిరి ఎర్ర రకానికి ఒకచోట కిలోకు 300 మి.గ్రా. అని, ఇంకోచోట 540 అని, మూడోచోట 2500 అని రాసినారు. ఏది నమ్మాల? యార్డులో అడిగితే అందరూ ఒకటే మాట: ఎంత ముదురెరుపుంటే అంత గుణం, కోసేటప్పుడు కండ్లల్లో నీళ్లు తెప్పిస్తే ఇంకా మంచిది అని. ఈ మాట నిలుస్తుందా? రకానికీ రకానికీ తేడా అసలు ఎంత?

#2 ఆలూరు_రేగడి
ముదురుదే మంచిది, దాంట్లో అనుమానమేముంది. రంగంటేనే ఫ్లేవనాయిడ్ గదా. తెల్లదాంట్లో రంగూ లేదు, గుణమూ లేదు.

#3 పరీక్షనాళిక
#2 తెల్లదాని గురించి చెప్పింది సరే, ముదురు గురించి చెప్పింది సరికాదు.

ఎర్రగడ్డలో ఫ్లేవనాయిడ్లు రెండు జాతులు. ఒకటి ఆంథోసయనిన్లు, కంటికి కనిపించే ఎరుపు అదే. రెండోది ఫ్లేవనాల్స్, క్వెర్సెటిన్ ఈ జాతిది. దీని రంగు లేత పసుపు, ఎరుపు చాటున అసలు కనపడదు. ఎర్ర రకాల్లో కూడా మొత్తం ఫ్లేవనాయిడ్లలో ఆంథోసయనిన్ల వాటా పదో వంతు దగ్గరే ఉంటుంది, మిగతాదంతా ఫ్లేవనాల్సే. అంటే ఎరుపు చూసి క్వెర్సెటిన్ అంచనా వేస్తే, కనిపించే పదో వంతును బట్టి కనిపించని తొమ్మిది వంతులకు ధర కట్టినట్టు.

ప్రచురించిన లెక్కల్లో కిలో పచ్చిగడ్డకు ఫ్లేవనాల్స్ పసుపు రకాల్లో 270 నుంచి 1187 మి.గ్రా., ఎర్ర రకాల్లో 415 నుంచి 1917 మి.గ్రా. ఈ రెండు వరుసలు ఒకదాని మీద ఒకటి ఎంత పడ్డాయో చూడండి. మంచి పసుపు రకం ముందు నాసి ఎర్ర రకం నిలబడదు. తెల్ల రకాల్లో మాత్రం నామమాత్రం.

#4 సుంకేసుల_గేటు
#3 చెప్పినదాన్ని మన కేసీ (కర్నూలు–కడప) కాలువతో పోల్చుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది. గడ్డ లోపల ముడిపదార్థం మెట్టు మెట్టుగా మారుకుంటూ వస్తుంది. ఒక చోట కాలువ రెండుగా చీలుతుంది. ఒక పాయ క్వెర్సెటిన్‌కు పోతుంది, రెండో పాయ ఆంథోసయనిన్‌కు పోతుంది.

తెల్ల రకాల్లో, కాలువ మొదలయ్యే సుంకేసుల దగ్గరే గేటు పడినట్టు, ఏ పాయకూ నీళ్లు రావు. పసుపు రకాల్లో పైన గేటు బాగానే ఉంది, ఎరుపు పాయకున్న తూము మాత్రం పనిచేయదు. ఆ తూము డీఎఫ్ఆర్ అనే ఎంజైము. క్వెర్సెటిన్ పాయ నిండుగా పారుతుంది. ఎర్ర రకాల్లో రెండూ పారతాయి. ఎరుపు పాయలో నీళ్లెక్కువున్నాయని పక్క పాయలోనూ ఎక్కువున్నాయని చెప్పలేం.

#5 ఆలూరు_రేగడి
సరే, ఒప్పుకుంటా. కానీ తెల్లది తెల్లదనే మాటలో ఇంకో చిక్కుంది. మా దిక్కు ఉల్లిగడ్డను ఎర్రగడ్డ అంటాం, వెల్లుల్లిని తెల్లగడ్డ అంటాం. పొడి ఫ్యాక్టరీ వాళ్లొచ్చి తెల్లగడ్డ కావాలంటే రైతు వెల్లుల్లి చూపిస్తాడు. తెల్ల ఎర్రగడ్డ అంటే నవ్వుతాడు. కొనే కాగితంలో రకం పేరు రాసుకోండి: భీమా శ్వేత, భీమా శుభ్ర, పూసా వైట్ ఫ్లాట్, అట్ల.

#6 గుత్తి_కొండ
ఎరుపులో ఖరీఫ్‌కు ఎన్-53, అగ్రిఫౌండ్ డార్క్ రెడ్, అర్కా కళ్యాణ్, భీమా సూపర్. రబీకి అగ్రిఫౌండ్ లైట్ రెడ్, అర్కా నికేతన్, భీమా శక్తి. పసుపు కావాలంటే అర్కా పీతాంబర్ ఉంది గానీ మన యార్డుల్లో పసుపు గడ్డకు అడిగేవాడు లేడు, ఒప్పందం లేకుండా వేయించొద్దు.

#7 పరీక్షనాళిక
#1లో అడిగిన మూడు అంకెల సంగతి. ఆ మూడూ ఒకే గడ్డవి కావచ్చు.

గడ్డలో క్వెర్సెటిన్ విడిగా ఉండదు, చక్కెర అణువును అంటుకొని ఉంటుంది. ఎక్కువ భాగం రెండు రూపాలే: ఒక గ్లూకోజు అంటుకున్న క్వెర్సెటిన్-4′-గ్లూకోసైడ్, దీనికే స్పైరియోసైడ్ అని పేరు. రెండు గ్లూకోజులు అంటుకున్న క్వెర్సెటిన్-3,4′-డైగ్లూకోసైడ్. ఉత్త క్వెర్సెటిన్ అణుభారం 302, మొదటి రూపానిది 464, రెండో రూపానిది 626.

ఉత్త క్వెర్సెటిన్‌గా లెక్కిస్తే 300 మి.గ్రా. వచ్చిన గడ్డనే, రెండు రూపాలూ అణువుల లెక్కన సగం సగం ఉన్నాయనుకొని చక్కెరతో కలిపి లెక్కిస్తే దగ్గర దగ్గర 540 వస్తుంది. అదే గడ్డలో నీళ్లు 88 శాతం అనుకుందాం. పచ్చిగడ్డ కిలోలో ఎండు పదార్థం 120 గ్రాములు. 300ను 0.12తో భాగిస్తే 2500. చక్కెరతో కలిపి, ఎండు బరువు మీద రాస్తే 4500. గడ్డ మారలేదు, లెక్క రాసిన తీరు మారింది.

ఏ అంకె కనపడినా మొదట రెండు ప్రశ్నలు వేయండి. పచ్చి బరువా, ఎండు బరువా? ఉత్త క్వెర్సెటిన్‌గానా, గ్లూకోసైడ్‌గానా? రెండిటికీ జవాబు లేకపోతే ఆ అంకెతో పోల్చుకోవద్దు.

#8 కోడుమూరు_పొడి
మూడు అంకెలూ ఒకే లెక్కలోకి వచ్చినాయి, బ్రహ్మాండం. మరి కండ్లల్లో నీళ్ల సంగతి?

#9 ఘాటు_లెక్క
దానికీ దీనికీ సంబంధమే లేదు. ఘాటు గంధకం పదార్థాల పని. కత్తి పడి కణం తెగగానే అల్లినేజ్ అనే ఎంజైము ఆ పదార్థాల మీద పడుతుంది, దాని తర్వాత ఇంకో ఎంజైము కలిసి కండ్లు మండించే ఆవిరిని పుట్టిస్తుంది. ఆ రెండో ఎంజైము సంగతి 2002లో జపాన్ వాళ్లు బయటపెట్టినారు. ఘాటు కొలవాలంటే ఆ చర్యలోనే పుట్టే పైరువిక్ ఆమ్లం కొలుస్తారు, క్వెర్సెటిన్ కాదు. నేలలో గంధకం పెరిగితే ఘాటు పెరుగుతుంది. నీళ్లు తక్కువైనా పెరుగుతుంది.

బాగా ఘాటుండే తెల్లవి ఉన్నాయి, వాటిల్లో క్వెర్సెటిన్ లేదు. #1లో యార్డు మాట సరుకు తాజాదా, పట్టున్నదా అని చూడ్డానికి పనికొస్తుందేమో, ఫ్లేవనాయిడ్‌కు పనికిరాదు.

#10 మైదుకూరు_కేపీ
కడప దిక్కు కేపీ ఎర్రగడ్డను ఎవరూ తలుచుకోలేదే. చిన్న గడ్డ, గులాబి రంగు, నీళ్లు తక్కువ, గట్టిగా ఉంటుంది. అగ్రిఫౌండ్ రోజ్ కూడా ఈ కోవదే. గడ్డ చిన్నదైతే లోపలి కండతో పోలిస్తే పై పొరల వాటా ఎక్కువ. క్వెర్సెటిన్ పై పొరల్లోనే ఎక్కువుంటుంది గదా. అట్లయితే కిలోకు చిన్న గడ్డే గెలవాల.

#11 సుంకేసుల_గేటు
గెలుస్తుంది, పొట్టు తీసేవాడు ఊరుకుంటే. లెక్క చూడండి అన్నా. గడ్డ గుండ్రం అనుకుందాం. పైనుంచి 2 మి.మీ. మందం కండ పొర పొట్టుతో పాటు పోయింది. 6 సెం.మీ. గడ్డలో పోయింది 19 శాతం. 3 సెం.మీ. గడ్డలో పోయింది 35 శాతం. పోయిన పొర ఏది? అన్నిటికంటే ఎక్కువ క్వెర్సెటిన్ ఉన్నది. అంటే చిన్న గడ్డకున్న లాభమంతా కత్తిపీట దగ్గరే కారిపోతుంది.

#12 మైదుకూరు_కేపీ
ఆ లెక్క ఒప్పుకుంటా. కేపీని చేత్తో ఒలిచే కూలి కూడా ఎక్కువే, కిలోకు గడ్డల సంఖ్య అంత. పొడికి గిట్టుబాటు కాదు. ఊరగాయకు గడ్డంతా వేస్తారు కాబట్టి అక్కడ సరిపోతుంది.

#13 వంటింటి_లెక్క
పై పొరలో ఎక్కువని అందరూ రాస్తాండారు, యాడ ఎక్కువో కంటితో చూసుకునే దారి ఉంది. ఎర్రగడ్డను నాలుగు చెక్కలు చేసి ఒక కండ పొర విడదీయండి. దాని వీపును, అంటే బయటి వైపును, పైకి పెట్టి అంచు దగ్గర గోటితో లాగండి. పల్చటి తోలు సిల్కు గుడ్డ మాదిరి లేచి వస్తుంది. ఎరుపంతా ఆ తోలుతో పాటే వస్తుంది, కింద మిగిలిన కండ దాదాపు తెల్లగా ఉంటుంది. ఎరుపు కనిపిస్తుంది కాబట్టి తెలిసింది, క్వెర్సెటిన్ కూడా ఆ పై తోలు దగ్గరే ఎక్కువ పేరుకుంటుంది. గడ్డ మధ్యకు పోయేకొద్దీ పొర పొరకూ తగ్గుతుంది.

అందుకే ఒలిచేటప్పుడు గరగరలాడే పొట్టు మాత్రం తీయాల. సగం ఎండి సగం పచ్చిగా ఉన్న పొరను ఎండిన అంచు వరకు కోసి మిగతాది ఉంచాల. ఎర్ర రకంలో బయటి కండ పొరలు మరీ ఎక్కువ తీసేస్తే క్వెర్సెటిన్‌లో అయిదో వంతు, ఆంథోసయనిన్‌లో ముప్పావు వంతు పోతుందని చెప్తారు.

#14 కోడుమూరు_పొడి
ఇక్కడే నా ఇబ్బంది. పొడికి తెల్లదే ఎందుకు వాడతారంటే రంగు మారదు, ఎండు పదార్థం ఎక్కువ. 18 శాతం ఘనపదార్థమున్న తెల్లది 100 కిలోలు ఒలిచి ఎండబెడితే 6 శాతం తేమ దగ్గర 19 కిలోల పొడి. 12 శాతమున్న ఎర్రదైతే 12.8 కిలోలే. ఆ తెల్ల పొడిలో క్వెర్సెటిన్ లేదని ఇప్పుడు మీరంటాండారు.

#15 ఘాటు_లెక్క
లేదు, ఎంత ఎండబెట్టినా రాదు. రెండు సరుకులుగా అమ్మండి. మసాలాకు తెల్ల పొడి, క్వెర్సెటిన్ అడిగేవాళ్లకు ఎర్ర పొడి. ఎర్రది గోధుమ, గులాబి కలిసిన రంగులో వస్తుందని కొనేవాళ్లకు ముందే నమూనా పంపి చెప్పండి. రెండూ కలిపితే ఎవరికీ నచ్చదు.

ఇంకోటి. కొందరు రంగు నిలబెట్టడానికి ముక్కల్ని వేడినీళ్లలో ముంచి తీస్తారు. ఎర్రగడ్డకు అది చేయొద్దు. గ్లూకోసైడ్లు నీళ్లలోకి దిగిపోతాయి, అల్లినేజ్ చచ్చి ఘాటు కూడా పోతుంది. 3–4 మి.మీ. చక్రాలు, 55–60 డిగ్రీలు, గాలి బాగా ఆడాల. వేడి పెంచితే అంచులు మాడి మధ్యలో తేమ నిలుస్తుంది, ఆ తేమే తర్వాత పొడిని గడ్డ కట్టిస్తుంది.

#16 వంటింటి_లెక్క
వంటలోనూ అదే సూత్రం. ఉడికించి నీళ్లు పారబోస్తే మూడో వంతు దాకా నీళ్లతో పోతుంది. పులుసులో నీళ్లు మనమే తింటాం కాబట్టి పోయేదేం లేదు. దోసె మీద పూసే ఎర్రకారంలో పచ్చి ఎర్రగడ్డే నూరుతారు, జొన్నరొట్టెలోకి పచ్చిదే నంజుకుంటారు, అక్కడ నష్టం తక్కువ. ఉగ్గానిలో సన్నమంట మీద మెత్తబడే దాకా వేయిస్తే కొంత తగ్గుతుంది. బిర్యానీకి నల్లగా వేయించిందాంట్లో బాగా తగ్గుతుంది.

వేయించినవాటికి 100 గ్రాముల లెక్క చూసి మోసపోవద్దు. నీళ్లు ఆవిరై బరువు తగ్గింది కాబట్టి అంకె పెరిగినట్టు కనిపిస్తుంది. ఒక గడ్డ మొత్తానికి లెక్క కడితేనే నష్టం తెలుస్తుంది.

#17 గుత్తి_కొండ
ఒంటికి ఎంత పడుతుందన్నది కూడా చూడాల గదా. టీలో, యాపిల్‌లో కూడా క్వెర్సెటిన్ ఉంది.

#18 పరీక్షనాళిక
మంచి ప్రశ్న. 1995లో నెదర్లాండ్స్‌లో పెద్దపేగు తీసేసిన తొమ్మిది మంది వాలంటీర్ల మీద చూసినారు. ఎర్రగడ్డ గ్లూకోసైడ్ల నుంచి 52 శాతం ఒంట్లోకి పోయింది, ఉత్త క్వెర్సెటిన్ 24 శాతం, టీలో కూడా ఉండే రూటిన్ (వేరే చక్కెరలు అంటుకున్న క్వెర్సెటిన్) 17 శాతం. గ్లూకోజు అంటుకున్న రూపాన్ని చిన్నపేగు బాగా పట్టుకుంటుంది. మన ఎర్రగడ్డకున్న అసలు బలం ఇది.

#19 ఆలూరు_రేగడి
అట్లయితే ఎండు పొట్టు ఎందుకు పారేస్తారు? యార్డులో, యూనిట్ల దగ్గర గుట్టలు గుట్టలు ఉంటుంది. దాంట్లో క్వెర్సెటిన్ బలంగా ఉంటుందంటారే.

#20 పరీక్షనాళిక
ఉంటుంది, కానీ రూపం వేరు. పొర ఎండేటప్పుడు ఎంజైములు చక్కెరను కోసేస్తాయి, ఎండు పొట్టులో ఉండేది ఎక్కువగా ఉత్త క్వెర్సెటిన్. #18 ప్రకారం అది ఒంటికి తక్కువ పడుతుంది. పైగా నల్లబూజు. ఖరీఫ్ సరుకులో పొట్టు కింద నల్లటి పొడి వేలికి అంటుతుంది చూడండి, అది ఆస్పర్జిల్లస్ నైగర్. మట్టి, చల్లిన మందుల మిగులు కూడా పొట్టు మీదే ఉంటాయి. తినేదాంట్లో కలపొద్దు. వేరుగా అమ్మితే రంగులద్దకం వాళ్లకు, సారం తీసే వాళ్లకు ఇవ్వొచ్చు.

#21 సుంకేసుల_గేటు
పొట్టులో ఉందో లేదో ఇంట్లోనే చూడొచ్చు. గుప్పెడు ఎర్ర పొట్టు, గుప్పెడు తెల్ల రకం పొట్టు వేర్వేరుగా పావు లీటరు నీళ్లల్లో పది నిమిషాలు ఉడికించి వడకట్టండి. ఒక్కోదాంట్లో చిటికెడు పటిక పొడి వేసి తిప్పండి. ఎర్ర పొట్టు నీళ్లు మట్టిరంగు నుంచి బంగారు పసుపుకు తిరుగుతాయి, తెల్లపొట్టు నీళ్లు అట్లే ఉంటాయి. పటికలోని అల్యూమినియం క్వెర్సెటిన్‌ను పట్టుకుంటే వచ్చే రంగు అది. ఉందా లేదా అన్నదే తెలుస్తుంది, ఎంతన్నది తెలియదు.

#22 గుత్తి_కొండ
పొట్టు రంగుకు పొలంలో ఒక పని ఉంది. రంగు రకాల ఎండు పొట్టులో ప్రొటోకటెక్యూయిక్ ఆమ్లం, కాటెకోల్ ఉంటాయి, స్మడ్జ్ తెగులు బూజును మొలకెత్తనీయవు. కాటెకోల్ సంగతి 1933లోనే రాసినారు. తెల్ల రకాలకు ఆ కవచం లేదు, అందుకే వాటికి స్మడ్జ్ మచ్చలు ఎక్కువ. #20 చెప్పిన నల్లబూజుకు మాత్రం ఈ కవచం అడ్డు కాదు, ఎర్రవాటికీ వస్తుంది.

#23 మైదుకూరు_కేపీ
ఖరీఫ్, రబీ తేడా ఎవరూ చెప్పలేదు.

#24 గుత్తి_కొండ
రకం తేడా ముందు కాలం తేడా చిన్నది, కానీ ఆరబెట్టడంలో పెద్ద తేడా వస్తుంది. పీకిన తర్వాత వెలుతురు తగిలితే పై పొరల్లో క్వెర్సెటిన్ ఇంకా తయారవుతుంది. గడ్డ పీకిన రోజు ఉన్నదే చివరి లెక్క కాదు. రబీలో పొలంలో వరుసగా పరిచి, ఒక వరుస ఆకు పక్క వరుస గడ్డను కప్పేటట్టు పెట్టి 3–5 రోజులు ఉంచుతారు. మెడ 2 సెం.మీ. వదిలి కోసి, నీడలో పది రోజులు. ఆకు కప్పకుండా మన ఎండలో వదిలితే గడ్డ ఉడికి మెత్తబడుతుంది.

ఖరీఫ్‌లో సెప్టెంబరు, అక్టోబరు వానల్లో పీకి, తడిసిందాన్ని సంచుల్లో కుక్కి నేరుగా యార్డుకు తోలతారు. మెడ ఆరదు, పొట్టు ఊడిపోతుంది, ఒలిచేటప్పుడు ఇంకో రెండు పొరలు తీయాల్సొస్తుంది. తేడా అక్కడ పడుతుంది. బాగా ఆరిన గడ్డలో నిల్వ కాలంలో ఫ్లేవనాల్స్ పెద్దగా తగ్గవు, కుళ్లు, మొలక వస్తేనే నష్టం.

#25 కోడుమూరు_పొడి
అర్థమైంది. ఇప్పుడు నాలుగైదు రకాలు పరీక్షకు పంపాలంటే నమూనా ఎట్ల తీయాల? ల్యాబు వాళ్లు అల్యూమినియం క్లోరైడ్ పద్ధతిలో చేస్తామంటాండారు.

#26 పరీక్షనాళిక
అది ఒప్పుకోవద్దు. ఆ పేరుతో రెండు పద్ధతులున్నాయి. ఒకదాంట్లో సోడియం నైట్రైట్ కలిపి 510 నానోమీటర్ల దగ్గర చదువుతారు. అది పని చేయాలంటే క్వెర్సెటిన్‌లో పక్కపక్కన రెండు హైడ్రాక్సిల్ గుంపులు ఖాళీగా ఉండాల. మన ఎర్రగడ్డ రూపాలు రెండిట్లోనూ ఆ రెండిట్లో ఒకదాన్ని, 4′ చోటును, చక్కెర మూసేసింది. గడ్డలో నిండా ఉన్నా రిపోర్టులో తక్కువ కనిపిస్తుంది. నైట్రైట్ లేకుండా 415–430 దగ్గర చదివే పద్ధతి కొంత నయం, అయినా డైగ్లూకోసైడ్‌ను సరిగ్గా పట్టదు.

హెచ్‌పీఎల్‌సీ అడగండి, పదార్థాలను విడదీసి ఒక్కోదాన్నీ కొలిచే పద్ధతి అది. 1.2 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం, 50 శాతం మిథనాల్, 90 డిగ్రీల దగ్గర 2 గంటలు ఉంచి చక్కెర తెంపితే అన్ని రూపాలూ ఉత్త క్వెర్సెటిన్ అవుతాయి. 370 నానోమీటర్ల దగ్గర ఒకే శిఖరం, గొడవ ఉండదు. పోల్చడానికి ప్రామాణికంగా వాడే క్వెర్సెటిన్ డైహైడ్రేట్ (రెండు నీటి అణువులు అంటుకున్నది) అయితే దాని బరువును 0.893తో గుణించమనండి. అది మరిస్తే రిపోర్టులో పన్నెండు శాతం ఎక్కువ పడుతుంది.

నమూనాకు: ఒక్కో రకానికి ఒకే సైజు గడ్డలు కనీసం పది. గడ్డకూ గడ్డకూ తేడా ఉంటుంది, ఒక్కటి చాలదు. ఎండు పొట్టు మాత్రం తీసి, మెడ నుంచి వేరు దాకా నిలువుగా కోసి, ఎదురెదురు పావు చెక్కలు తీసుకోండి. అడ్డంగా చక్రం కోస్తే ఒక ఎత్తు పొరలే వస్తాయి. ముక్కలు చేసిన వెంటనే తూచి 5 గ్రాములకు 25 మి.లీ. 70 శాతం మిథనాల్‌లో వేసి మెదపాల. మెదిపి అరగంట గిన్నెలో వదిలితే ఎంజైములు డైగ్లూకోసైడ్‌ను తినేస్తాయి, రంగు కూడా మారుతుంది. అదే రోజు ఇంకో 10 గ్రాములు ఆరబెట్టి తేమ శాతం తీయించండి, #7 లెక్కకు అది కావాల. మిథనాల్ విషం, మండుతుంది, పొయ్యి దగ్గర ముట్టొద్దు.

#27 ఘాటు_లెక్క
ప్యాకెట్ మీద క్వెర్సెటిన్ ఎంతో రాయండి, చక్కెర వ్యాధి తగ్గుతుంది, గుండెకు మందు అని రాయొద్దు. రోగం నయమవుతుందని ఆహారం మీద రాయడం 2018 నాటి ప్రకటనల, క్లెయిముల నిబంధనలకు విరుద్ధం. రాసే అంకె కూడా పొడి బరువు మీదని స్పష్టంగా ఉండాల.

#28 కోడుమూరు_పొడి
ఇట్ల చేస్తా. అగ్రిఫౌండ్ డార్క్ రెడ్, అర్కా కళ్యాణ్, భీమా సూపర్ ఖరీఫ్‌లో, అగ్రిఫౌండ్ లైట్ రెడ్ రబీలో. పక్కన భీమా శ్వేత ఒకటి. ఒక్కోటి పది గడ్డలు, హెచ్‌పీఎల్‌సీ, ఉత్త క్వెర్సెటిన్‌గా, పచ్చి బరువు మీద, తేమతో. కేపీ పొడికి వద్దు. ఒలిచేవాళ్లకు గరగర పొట్టు వరకే అని చూపిస్తా.

#29 గుత్తి_కొండ
సంచి మీద రకం పేరుతో పాటు పీకిన తేదీ, ఎన్ని రోజులు ఆరబెట్టినారు, తడిసిందా లేదా రాయించండి. ఒక రకం ఆరినది, ఇంకోటి వానలో పీకినది పంపితే మీరు కొలిచేది రకం తేడా కాదు, వాన తేడా.

#30 పరీక్షనాళిక
భీమా శ్వేతలో సున్నా దగ్గర రాకపోతే రిపోర్టు మొత్తం వెనక్కి పంపండి. ఆ తెల్లదే ల్యాబుకు పరీక్ష.